మూడు ఊళ్ల ఎండ, ఒక తడిగుడ్డ

వేసవి వచ్చిందంటే ఎవరి ఊరి ఎండ వాళ్లకు గొప్ప. నేను కర్నూలువాణ్ని; మా ఎండను తక్కువ చేసి మాట్లాడితే ఊరుకోను. అనంతపురంలో కాపురం చేస్తున్న మా అక్క తమ ఊరి చుట్టుపక్కల నిలబడడానికి నీడ కూడా దొరకదని గర్వంగా చెప్పుకుంటుంది. కడపలో ఉన్న పెద్దమ్మ మాత్రం వాదనకు దిగదు. "ఒక్క రాత్రి మా ఇంట్లో పడుకుని, ఆ తర్వాత మాట్లాడండి నాయనా" అంటుంది, అంతే. ఈ మే నెలలో ఆ పోటీలోకి బందరు నుంచి మా బావమరిది కూడా దిగాడు. అతను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. టీవీలో రాయలసీమ ఉష్ణోగ్రతలు చదివినప్పుడల్లా ఫోను చేసి, "మీకు నలభై రెండు, మాకు ముప్పై ఆరు. అయినా చెమటలో నానేది మేమే బావగారూ" అని వాపోయేవాడు. తిరిగి చూసి తేల్చుకుందాం రమ్మన్నాను. సంచిలో రెండు థర్మామీటర్లు, కాస్త పలుచని నూలుగుడ్డ పెట్టుకుని వచ్చాడు.

శనివారం, కర్నూలు

రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి ఉదయం దిగగానే అతను అన్న మొదటి మాట, "చొక్కా ఆరిపోయింది బావగారూ." విజయవాడ దాటేదాకా వీపుకు అతుక్కునే ఉన్న చొక్కా తెల్లవారేసరికి గంజి పెట్టినట్టు బిర్రుగా నిలబడిందట. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినిపించాను. ఎండాకాలం పొద్దున్నే బజ్జీలా అని నసిగాడు గానీ రెండో ప్లేటు తనే అడిగి తెప్పించుకున్నాడు.

ఎనిమిది గంటలకల్లా తుంగభద్ర ఒడ్డుకు వెళ్లాం. 2009 అక్టోబరులో కర్నూలును ముంచెత్తిన నది ఇదేనంటే అతను నమ్మలేదు. కనుచూపు మేర ఇసుక, బండరాళ్లు, అక్కడక్కడా మడుగులు. నది ఒడ్డున ఉన్న ఊరు చల్లగా ఉంటుందనుకునేవాళ్లు మే నెలలో ఇక్కడికి వచ్చి చూడాలి. తుంగభద్ర, హంద్రీ కలిసే చోట ఉండి కూడా మా ఊరికి ఆ రెండు నదుల వల్ల ఈ రోజుల్లో పిసరంత చల్లదనం రాదు. పది దాటేసరికి ఇసుక మీది నుంచి వచ్చే సెగకు కళ్లు మండడం మొదలైంది. కొండారెడ్డి బురుజు దగ్గర ఫొటో దిగాలన్న ముచ్చట కూడా మానుకుని ఇంటిదారి పట్టాం.

అసలు పని మధ్యాహ్నం మొదలైంది. వరండాలో ఎండ తగలని చోట రెండు థర్మామీటర్లూ పక్కపక్కనే వేలాడదీశాడు. ఒకదాని అడుగు గుండుకు నూలుగుడ్డ చుట్టి, ఆ గుడ్డ కొసను నీళ్ల గ్లాసులో వేశాడు. వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత కూడా ఎండలో కొలిచింది కాదట. గాలి ఆడే తెల్లటి చెక్క పెట్టెలో, నేలకు మనిషి ఛాతీ ఎత్తున ఉంచిన థర్మామీటరు చూపించేది నీడలోని వేడినే. టీవీలో 42 అన్నారంటే అది నీడ లెక్క. నడినెత్తిన ఎండ పెట్టుకుని రోడ్డు మీద తోపుడుబండి తోసేవాడి లెక్క వేరు.

మూడు గంటలకు మామూలు థర్మామీటరు 41 దగ్గర నిలిచింది. తడిగుడ్డ చుట్టినది మాత్రం 23కు దిగింది. బావమరిది కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. బందరులో బయల్దేరే ముందు ఇదే పని చేస్తే మామూలుది 35, తడిది 29 చూపించాయట. గుడ్డలోని నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఆవిరి అంత త్వరగా లేస్తుంది, గుడ్డ అంతగా చల్లబడుతుంది. మన ఒంటి మీద చెమట చేసే పనీ ఇదే. కాబట్టి ఒంటికి సంబంధించినంతవరకు రెండో థర్మామీటరు మాటే చెల్లుతుంది. అది 35కు చేరిందంటే నీడలో కూర్చున్నా, ఫ్యాను వేసుకున్నా శరీరం తన వేడిని వదిలించుకోలేదు. ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడు. ఈ లెక్కన బందరు 29తో ఆ గీతకు దగ్గరగా ఉంది, 41 డిగ్రీల కర్నూలు చాలా దూరంగా ఉంది. బావమరిది గెలిచినట్టే ముఖం పెట్టాడు. ఇంకా ఊళ్లున్నాయి, తొందరపడవద్దన్నాను.

మా ఇంట్లో కూలర్ పనిచేసేదీ ఈ సూత్రం మీదే. గడ్డి తడిసి, గాలి దానిలోంచి దూరి, చల్లబడి వస్తుంది. వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లుకున్న పాతకాలపు ఇళ్లకు కూడా కూలర్ల సంగతి తెలిసినట్టే. బందరులో బావమరిది కొన్న కూలర్ గదిని ఆవిరి కుండలా తయారుచేసిందని, రెండో ఏటికే అటక ఎక్కించానని చెప్పాడు. అలాంటి చోట గాలికి ఇంకా నీళ్లు తాగే ఓపిక ఉండదు మరి.

రాత్రి మేడ మీద పడుకున్నాం. పిట్టగోడకు చేయి ఆనిస్తే పదకొండింటికి కూడా వెచ్చగానే ఉంది. రెండు దాటాక దుప్పటి వెతుక్కున్నాం.

ఆదివారం, బేతంచెర్ల మీదుగా అనంతపురం

తిన్నగా జాతీయ రహదారి ఎక్కితే మూడు గంటల్లో అనంతపురంలో ఉండేవాళ్లం. బేతంచెర్ల దగ్గరి పల్లెలో చిన్నాన్నగారి పాత మిద్దె చూపించాలని పక్కదారి పట్టించాను.

ఆ మిద్దె గురించి కాస్త ఎక్కువే చెబుతాను. రాతి గోడలు మూరకు పైగా మందం. పైన టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, వాటి మీద బండలు, ఆ పైన జానెడు మందాన చవుడు మట్టి. వానాకాలానికి ముందు ఏటా కొత్త చవుడు పోసి తొక్కించాలి, లేకపోతే కారుతుంది. గది మధ్యలో కప్పుకు ఒక గవాక్షం. అందులోంచి వెలుగు కిందికి వస్తుంది, గదిలో పైకి చేరిన వేడిగాలి బయటికి పోతుంది. కిటికీలు చిన్నవి, అవీ పగలు మూసే ఉంచుతారు. పన్నెండు గంటలకు బయట నేల మాడుతుంటే లోపల అడుగు పెట్టగానే బావమరిది "ఏసీ ఉందా?" అని అడిగాడు. గోడను, కప్పును మధ్యాహ్నపు వేడి దాటి లోపలికి వచ్చేసరికి రాత్రి అవుతుంది. అందుకే పగలు మిద్దెలో, రాత్రి మిద్దె మీద. ఈ కాపురం పద్ధతి తెలిసినవాళ్లే ఆ ఇల్లు కట్టారు. పక్కనే చిన్నాన్న కొడుకు కట్టించిన సిమెంటు స్లాబు ఇల్లు ఉంది. అందులో సాయంత్రం నాలుగింటికి కూర్చోలేం, రాత్రి పదింటికి పడుకోలేం. స్లాబు పలుచన, వేడి సాయంత్రానికే గదిలోకి దిగిపోతుంది. అయినా ఏటా చవుడు మోసేవాళ్లెవరు అని అతను అడిగితే నా దగ్గర జవాబు లేదు. స్లాబు మీద తెల్ల సున్నమైనా కొట్టించమని చెప్పి వచ్చాను.

బనగానపల్లె సంతలో ఊరిపేరు మోస్తున్న మామిడిపళ్లు బుట్టెడు కొన్నాం. అక్కడి నుంచి నల్లరేగడి చేలు. తడి ఆరి, చేయి దూరేంత వెడల్పున నేల నెర్రెలు విచ్చి ఉంది.

బెలుం గుహలకు చేరేసరికి మూడైంది. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి సంగతి నమోదు చేశారు; 1982 నుంచి రెండేళ్లపాటు జర్మనీకి చెందిన డేనియల్ గెబాయర్ బృందం లోపలంతా గాలించి కొలిచింది. 2002లో పర్యాటకులకు తెరిచారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. నేల మట్టాన నూతిలాంటి గుంత, అందులోకి మెట్లు. పాతాళం కాబట్టి చల్లగా ఉంటుందని దిగుతున్నవాళ్లంతా ఆశపడుతున్నారు. భూమి లోపల అంత లోతున వేసవి, చలికాలం అన్న తేడా తెలియదు. ఆ ప్రాంతపు ఏడాది సగటు ఎంతో లోపల దాదాపు అంతే ఉంటుంది. మన దగ్గర ఆ సగటే తక్కువేమీ కాదు. దానికి తోడు నీటి ఊట, కదలని గాలి. థర్మామీటర్లు తీస్తే మామూలుది 29, తడిది 28. పైన 41 డిగ్రీల్లో పొడిగా ఉన్న నా చొక్కా గుహలో కోటిలింగాలనే చోటికి వెళ్లేసరికి పిండితే నీళ్లు కారేలా తడిసింది. ముందు నడుస్తున్న పెద్దాయన ఉస్సురని కూలబడ్డాడు. బావమరిది ఒక్కడే హాయిగా పాతాళగంగ దాకా నడిచి వెళ్లి వచ్చాడు. "ఇన్నాళ్లకు మా ఊళ్లో ఉన్నట్టుంది బావగారూ" అన్నాడు.

తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి చూశాం. లింగం చుట్టూ నీరు ఊరుతూనే ఉంటుంది. గుడి వెనక పెన్న మాత్రం ఎండి పడుకుంది. చీకటి పడ్డాక అనంతపురం చేరాం.

సోమవారం, అనంతపురం

ఈ ఊరు సముద్రమట్టానికి దాదాపు 340 మీటర్ల ఎత్తున ఉంది, కర్నూలు కన్నా కాస్త పైన. ఎత్తు వల్ల ఒరిగేది అర డిగ్రీ కూడా కాదు. అసలు తేడా గాలిలో ఉంది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి సగం ఖాళీ అవుతాయి. ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. వాన ఇవ్వని ఆ పడమటి దిక్కు గాలిని మాత్రం ధారాళంగా పంపిస్తుంది. రామగిరి, నల్లకొండ గుట్టల మీద గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు.

మధ్యాహ్నం అక్క ఇంటి వరండాలో కొలత: మామూలుది 39, తడిది 21. మేం తిరిగిన మైదానాల్లో ఇంత తక్కువ తడి లెక్క ఇంకెక్కడా రాలేదు. అక్క మొహం చిన్నబుచ్చుకుంది. తమ ఊరి ఎండకు రెండు మార్కులు తగ్గించామని ఆమె బాధ. బావ మాత్రం "నేను ముందే చెప్పాను, ఇక్కడ ఎండ ఉంటుంది గానీ ఉక్క ఉండదు" అని చీనీకాయల రసం గ్లాసులు చేతికిచ్చాడు. ఈ జిల్లాలో పండే చీనీ తోటల రసం అది. కాస్త ఉప్పు వేసి తాగితే ప్రాణం లేచి వస్తుంది.

సాయంత్రం నాలుగింటికి ఊరి బయట ఎర్రనేలల వైపు నడిచాం. వేరుసెనగ కోసం ముందస్తు దుక్కి దున్నిన చేలు, తుమ్మచెట్లు, గొర్రెల మంద. కాపరి నెత్తి నుంచి మోకాళ్ల దాకా నల్ల గొంగడి కప్పుకుని కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. ఈ ఎండలో ఉన్ని గొంగడా అని బావమరిది ఆశ్చర్యపోయాడు. "ఎండ గొంగడికి తగులుతుంది సార్, నాకు తగలదు" అన్నాడతను. చేయి పెట్టి చూడమన్నాడు. పైభాగం కాలిపోతోంది, లోపలి పక్క మామూలుగా ఉంది. ఒంటి చర్మం వేడి సుమారు 35. బయటి గాలి అంతకన్నా వేడిగా ఉన్నప్పుడు బట్టలు విప్పుకుంటే వేడి లోపలికే వస్తుంది, కప్పుకున్నవాడే తెలివైనవాడు. అతని భుజాన సొరకాయ బుర్ర లేదు, ప్లాస్టిక్ సీసా ఉంది. తడి గోనెపట్టా చుట్టి ఉంది దానికి.

ఈ ఊరి ఎండలో ఒక మోసం ఉంది, అది చెప్పకపోతే అక్క గెలుపు పూర్తి కాదు. గాలి చెమటను పుట్టిన చోటే ఆర్చేస్తుంది. ఒళ్లు తడవదు కాబట్టి నీరు పోతున్న సంగతే మనిషికి తెలియదు. బందరులో చొక్కా తడిసి ముందే హెచ్చరిస్తుంది. ఇక్కడ హాయిగా ఉందనుకుంటూ నడిచినవాడు ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడతాడు. సాయంత్రానికి బావమరిదికి తలనొప్పి, పిక్కలు పట్టేయడం. అక్క గాభరా పడలేదు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించింది. చెంచాలు తలగొట్టి కొలిచింది. ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా కీడే ఎక్కువట. "దాహం వేసినప్పుడు తాగడం మీ ఊళ్లో. ఇక్కడ దాహం వేయకముందే తాగాలి" అంది. "అలాగే వదినగారూ" అని అతను బుద్ధిగా గ్లాసు ఖాళీ చేశాడు.

సూర్యుడు గుంకాక జరిగింది చూడాల్సినదే. ఆకాశంలో మబ్బు లేదు, గాలిలో తేమ లేదు. పగలు నేల తాగిన వేడి అడ్డు లేకుండా పైకి పోయింది. పది గంటలకు 30. మేడ మీద పక్క దులిపి వేసేలోపే దుప్పటి ఎగిరిపోయింది. నిద్ర విషయంలో మాత్రం నా ఓటు, కర్నూలువాడినై ఉండి కూడా, అనంతపురానికే.

మంగళవారం, లేపాక్షి

దక్షిణంగా పోయేకొద్దీ నేల మెల్లగా పైకి లేస్తుంది. రైల్లో కూర్చుంటే ఎక్కుతున్నట్టు తెలియదు గానీ హిందూపురం వచ్చేసరికి 600 మీటర్లు దాటి ఉంటాం. ఎండ చురుకు అంతే ఉన్నా నీడ చల్లబడింది. చెట్టు కింద నిలబడితే సరిపోతోంది. దారిపొడవునా చింతచెట్లు కూడా ఎక్కువే.

లేపాక్షిలో ఆ చల్లదనమంతా చెప్పులు విప్పేదాకానే. విరూపణ్ణ కట్టించిన ఆ గుడి ప్రాకారంలో పరిచిన రాతి నేల మిట్టమధ్యాహ్నం నిప్పుల కొలిమి. బావమరిది వేలాడే స్తంభం దాకా ఒక్క పరుగున వెళ్లాడు. ఆ మండపం కింద అడుగు పెట్టగానే అదే రాయి చల్లగా తగిలింది. రాయిది తప్పు కాదు, దాని మీద ఎండ పడిందా లేదా అన్నదే లెక్క. పైకప్పు బొమ్మలు చూసే నెపంతో గంటకు పైగా వెల్లకిలా పడుకున్నాం. సుమారు ఎనిమిది మీటర్ల పొడవున్న ఏకశిలా నంది దగ్గరికి మాత్రం ఎండ వాలాకే వెళ్లాం.

బుధవారం, కడప

అనంతపురం నుంచి తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా బస్సు. దారి పొడవునా దిగుడే. కడప సముద్రమట్టానికి 138 మీటర్లు. అంటే అనంతపురం కన్నా రెండు వందల మీటర్లు కింద. ఎర్రగుంట్ల దాటాక రోడ్డుకు అటూ ఇటూ బండల గనులు, కోసి నిలబెట్టిన నల్లరాయి పలకలు. ప్రహరీలకు, మెట్లకు, గచ్చుకు, కప్పుకు, ఆఖరికి పశువుల తొట్టెకు కూడా ఇవే. ఊరి చుట్టూ నల్లమల, పాలకొండల వరసలు మూడు వైపులా చేయి చేయి పట్టుకుని నిలబడ్డాయి. బస్సు ఒంటిగంటకు ఊళ్లోకి దిగింది. కిటికీలోంచి వచ్చే గాలి ముద్దనూరు దగ్గర మొహాన కొట్టింది. ఇక్కడ అసలు కదలడమే మానేసింది.

పెద్దమ్మ గుమ్మంలో నిలబడే నన్నారి షర్బత్ అందించింది. నన్నారి వేళ్లు కాచిన పాకం, నిమ్మకాయ, కుండ నీళ్లు. కుండ అడుగున ఇసుక పోసి తడిపింది. పైన తడి గోనె. కొలత తీస్తే 42, 25. తడి లెక్క అనంతపురం కన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువ, బందరు కన్నా నాలుగు తక్కువ. ఇంత ఎండకు పొడిగాలి ఉంటే నెగ్గుకురావచ్చు, ఇంత తేమకు ఎండ తక్కువైతే నెగ్గుకురావచ్చు. రెండూ సగం సగం కలిసిన చోటికి వచ్చాం.

మేడ మీద పాత పంచెల మీద బియ్యప్పిండి వడియాలు ఎండుతున్నాయి. పక్కన అప్పడాలు, ఊరమిరపకాయలు. పెద్దమ్మ మూడింటికి, ఎవరూ బయటికి రాని వేళకు, తలకు తడి తువ్వాలు చుట్టుకుని వెళ్లి వాటిని తిరగేసి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి.

ఆరింటికి ఆమె అసలు పని మొదలుపెట్టింది. బిందెలతో నీళ్లు పైకి మోయించి మేడ మీది బండలపై పోయించింది. మొదటి బిందె పడగానే చుయ్యిమని ఆవిరి లేచింది. వానకు ముందు వచ్చే మట్టివాసన కాదు, కాలిన సున్నం వాసన. నీళ్లు పారలేదు, చూస్తుండగానే అంచుల నుంచి ఆరుకుంటూ మధ్యకు వచ్చి మాయమయ్యాయి. రెండో బిందెకూ అంతే. నాలుగో బిందెకు గానీ బండ మీద నీరు నిలవలేదు. బావమరిది అరచేయి ఆనించి, పది లెక్కపెట్టేలోపే తీసేశాడు. "ఇంకా రెండు విడతలు పోయాలి నాయనా, పొద్దున్నుంచి తాగింది కదా, కక్కకుండా పడుకోనిస్తుందా" అంది పెద్దమ్మ.

రాత్రి పదింటికి వీధిలో 35. ఇంట్లో 36. అనంతపురంలో ఇదే వేళకు 30 ఉందని గుర్తు చేసుకుంటే ఏడుపొక్కటే తక్కువ. చుట్టూ కొండల బండలు, ఊరంతా గోడల బండలు, కాళ్ల కింద గచ్చు బండలు, పగలు మింగిన వేడిని నింపాదిగా వదులుతున్నాయి. దాన్ని ఊడ్చుకుపోవడానికి గాలి లేదు. పెద్దమ్మ పడకకు ముందు తలస్నానం చేసి, జుట్టు తడి ఆరకుండానే, తడి నూలుచీర కిటికీకి కట్టి, చాప మీద నిద్రపోయింది. మేం పన్నెండు దాకా కబుర్లు చెప్పుకున్నాం, తర్వాత కబుర్లు కూడా రాలేదు. బావమరిది రెండుసార్లు లేచి నీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగున్నరకు ఆ రాత్రిలోకెల్లా చల్లని ఘడియ వచ్చింది. థర్మామీటరు 30 చూపించింది.

పగటి వేడి గురించి ఇంత గోల చేస్తాం గానీ మనిషిని కుంగదీసేది రాత్రే అని నాకు ఇక్కడ గట్టిగా అనిపించింది. పగలు అలిసిన గుండె, ఒళ్లు రాత్రి చల్లబడితేనే మర్నాటికి సిద్ధమవుతాయి. వరుసగా నాలుగు రాత్రులు చల్లబడకపోతే ఐదో పగలు అంత ఎండ లేకపోయినా ముసలివాళ్లు మంచం పడతారు. వాతావరణ శాఖ లెక్కల్లో వడగాడ్పులకు కొలతలున్నట్టే, వేడి రాత్రికీ ఒక కొలత ఉంది: పగలు 40 దాటి, రాత్రి ఉష్ణోగ్రత మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉంటే అది వేడి రాత్రి. అయితే అది ఆ ఊరి మామూలుతో పోల్చే లెక్క. కడపలో మామూలే ఎక్కువ కాబట్టి పెద్దమ్మ పడే రాత్రులు చాలావరకు ఏ హెచ్చరికకూ ఎక్కవు. టీవీల్లో మూడు ఊళ్ల పగటి అంకెలు పక్కపక్కన వేసి ఎవరు గెలిచారో చెప్పే బదులు, తెల్లవారుజాము అంకె ఒక్కటి చెబితే చాలు.

తెల్లారాక బావమరిది పెద్దమ్మ కాళ్లకు దండం పెట్టాడు. ప్రయాణం చెప్పడానికే అనుకుంది ఆమె. ఓటమి ఒప్పుకోవడానికని నాకు తెలుసు.

గురువారం, హార్స్లీ హిల్స్

కారందోసె తిని రాయచోటి బస్సెక్కాం. గువ్వలచెరువు ఘాట్‌లో మలుపు మలుపుకూ కొత్త గాలి తగిలింది. పైన ఆగినప్పుడు పాలకోవా కొన్నాం; ఆ ఊరి పేరు చెబితే ముందు కోవా, తర్వాతే ఘాట్ గుర్తొస్తాయి. ఘాట్ ఎక్కితే కడప గిన్నె అంచు దాటినట్టే.

ఏనుగు మల్లమ్మ కొండ అని జనం పిలుచుకునే కొండకు హార్స్లీ పేరు రావడానికి కారణం కడప ఎండే. పంతొమ్మిదో శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్స్లీ ఈ కొండ మీద వేసవి విడిది కట్టించుకున్నారు. కొండ దగ్గరి మదనపల్లె అప్పటికి కడప జిల్లాలోనే ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. అంటే జిల్లా దాటకుండానే దొర ఎండ దాటేశాడు. మేం నిన్నటి రాత్రి మేలుకుని పడుకున్నవాళ్లం కాబట్టి ఆయన్ను తప్పు పట్టలేకపోయాం. ఆయన కచేరీలో పనిచేసిన గుమాస్తాలు, బంట్రోతులు మేలో ఎక్కడ పడుకున్నారన్నదే నా అనుమానం.

కొండ ఎత్తు 1,265 మీటర్లు. కడప కన్నా వెయ్యీ వంద మీటర్లకు పైన. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని బావమరిది లెక్క కట్టి, పైన 35 దాకా ఉండవచ్చన్నాడు. నీలగిరి చెట్ల నీడలో చూస్తే 31, తడిది 21. పట్టపగలు నేల కాగి, గాలి పొడిగా ఉన్నప్పుడు ఆ తగ్గుదల పది డిగ్రీల దాకా ఉంటుందని తనే సర్దిచెప్పుకున్నాడు. తడి లెక్క మాత్రం అనంతపురం ఎంతో ఇక్కడా అంతే. తేడా అల్లా ఇక్కడ నీరు తాగకపోయినా కళ్లు తిరగవు.

బెంగళూరు బండ్లతో పైన తిరునాళ్లలా ఉంది. గది అద్దె వింటే ఒంట్లో వేడి మళ్లీ పుట్టింది. రాత్రి 22. రెండు దుప్పట్లు ఇమ్మని అడిగితే కుర్రవాడు ఒకటే ఇచ్చాడు.

శుక్రవారం, మదనపల్లె

టమాటా లారీల మధ్య నుంచి దూరుకుంటూ బస్టాండుకు చేరాం. బందరు వైపు బస్సు వచ్చేలోపు పెద్దమ్మకు ఫోను చేశాను. కొండ మీద దుప్పటి కప్పుకున్నామని చెప్పి, వచ్చే ఏడాది ఎండలు మండే నిజకర్తరి రోజులన్నీ ఆమెను ఇక్కడే ఉంచుతానన్నాను.

"చల్లగా ఉంటే సరే నాయనా. అక్కడ వడియాలు ఎన్నాళ్లకు ఎండుతాయి?"

నేను బావమరిది వైపు చూశాను. అతను జేబులోంచి కాగితం తీసి కొండ మీది అంకెలు, కడప అంకెలు పక్కపక్కన పెట్టి లెక్క వేశాడు. "నాలుగు రోజులైనా పట్టవచ్చు పెద్దమ్మగారూ" అన్నాడు ఫోన్లోకి వంగి.

"మా మిద్దె మీద రెండెండలు చాలు" అని పెట్టేసింది.